చేతులు కట్టుకుని కూర్చో

జూన్ 3

చిరంజీవి తమ్ముడికి, అక్క కోపం మీద ఉండి రాస్తున్న ఉత్తరం.

కోపం నీ మీద కాదు, కంగారు పడకు. నిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేశాను. మానేశాను అంటే కాగితం రాసి సూపర్‌వైజర్ బల్ల మీద విసిరి వచ్చాను. కొత్తగా వచ్చాడు, మన ఇంట్లో పుట్టి ఉంటే నా చేతి లెంపకాయలు తిని కాస్త బాగుపడి ఉండేవాడు. బొత్తాల రంగు కలవలేదని నేను పక్కన పడేసిన చొక్కాల గుట్టని అందరి ముందూ మళ్ళీ సరుకులో కలిపించి, "మీ కళ్ళకి వయసైపోయిందమ్మా, ఇంట్లో కూర్చోండి" అన్నాడు. ఒకే చొక్కాకి మూడు రకాల నీలం బొత్తాలు! నా కళ్ళకి వయసు రావడం కాదు, వాడి బుర్రకి ఇంకా రాలేదు. ఇన్నేళ్ళు నిలబడి చొక్కాలు సరిచూసి సరిచూసి నా కాళ్ళు పడిపోయాయి. ఇక ఒకరి కింద పని చెయ్యను.

మీ బావకి చెబితే, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. మోకాలి నొప్పితో లారీ దిగిన దగ్గర్నుంచి ఆయన టీవీ తప్ప ఇంకేమీ నడపడం లేదు. నేనే చెప్పాను, నడుస్తున్న చిన్న కొట్టు ఏదైనా కొందాం, దానికి నేనే యజమానిని అని. ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చేదీ మేం దాచుకున్నదీ కలిపితే ఇక్కడ గుమ్మం కూడా రాదు. మీ ఊళ్ళో అయితే కొట్టు వస్తుంది, నువ్వూ దగ్గరుంటావు. ఈ ఇల్లు ఫ్యాక్టరీది కాబట్టి ఆగస్టు చివరికి ఖాళీ చెయ్యాలి. ఆలోగా కొట్టు దొరకకపోతే నేను మళ్ళీ ఆ వెధవ ముందుకే వెళ్ళి నిలబడాలి. అది మాత్రం జరగకూడదు.

ఒక్క షరతు. అమ్మేవాడి మాట నమ్మకు. కొట్టు నచ్చితే సెలవు పెట్టి వారం రోజులు అందులో కూర్చో. ఎవరొస్తున్నారు, ఏం కొంటున్నారు, ఎవరు మొహం మాడ్చుకుని వెళ్తున్నారు, అన్నీ చూడు. చూడడమంటే చూడడమే, చేతులు కట్టుకుని కూర్చో. నా పెళ్ళికి ఒక కాలికి నల్ల మేజోడు, ఇంకో కాలికి నీలం మేజోడు వేసుకొచ్చి, రెండూ ఒకటేనని పీటల మీదున్న నాతోనే వాదించినవాడివి. ఈసారి కాస్త కళ్ళు తెరుచుకుని చూడు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో అయితే నువ్వు నన్ను నవ్వించి పని ఎగ్గొడతావు. మరదలికి ఆశీస్సులు.

నీ అక్క


జూన్ 15

అక్కా,

మానేసి మంచి పని చేశావు. ఆ సూపర్‌వైజర్ ఎక్కే లిఫ్టు ఎక్కడుందో చెప్పు, నేనొచ్చి రెండు అంతస్తుల మధ్య ఆపేస్తాను. లిఫ్టులు బాగుచేసేవాడికి ఆపడం కూడా వచ్చు.

కోర్టు ఎదురుగా జిరాక్స్ కొట్టు ఒకటి అమ్మకానికి ఉందంటే వెళ్ళాను. గిరాకీకి లోటు లేదు. యజమాని మంచివాడే, కానీ మెషీన్ మీద విరక్తి పుట్టి అమ్మేస్తున్నాడు. మొదటి రోజు నువ్వు చెప్పినట్టే చేతులు కట్టుకుని కూర్చున్నాను, నీ మీద ఒట్టు. రెండో రోజు ఆ మెషీన్ కాగితాలని నమిలి ఉమ్మేస్తుంటే చూడలేకపోయాను. లోపల రోలర్‌కి ఎప్పటిదో స్టిక్కర్ అతుక్కుని ఉంటే తీసేశాను. తీసిన చేత్తో నాలుగు స్క్రూలు బిగించాను.

వారం గడిచాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, నువ్వు దేవుడిలా వచ్చావు, ఇంక ఈ కొట్టు ఎందుకు అమ్ముతాను!" అన్నాడు. ఒక మంచి పెన్ను కూడా ఇచ్చాడు. దాంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఎంత నునుపుగా నడుస్తోందో చూడు.

ఇంకోటి చూస్తున్నాను, దిగులు పడకు. బావగారి మోకాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు


జూన్ 19

తమ్ముడికి,

ఆ పెన్ను విరిచి అవతల పారెయ్యి.

నిన్ను పంపింది కొనడానికా, వాళ్ళకి సేవ చెయ్యడానికా? చిన్నప్పుడు పక్కింటివాళ్ళ రేడియో, ఎదురింటివాళ్ళ కుట్టు మిషను, అందరివీ బాగుచేసేవాడివి. మన ఇంట్లో ఫ్యాను మాత్రం కీచుమంటూనే ఉండేది. ఇప్పుడూ అంతే. ఊళ్ళోవాళ్ళ కొట్లన్నీ కళకళలాడతాయి, మీ అక్క రోడ్డున పడుతుంది.

మీ బావ నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వారు. ఆయనకి రాత్రి అన్నం పెట్టలేదు.

ఈసారి స్క్రూ డ్రైవర్ ఇంట్లో పెట్టి వెళ్ళు.

అక్క


జూలై 2

అక్కా,

నీ మాట ప్రకారం స్క్రూ డ్రైవర్ ఇంట్లోనే పెట్టి వెళ్ళాను. ఇది నువ్వు ముందుగా గుర్తు పెట్టుకోవాలి.

ఈసారి పిండిమర. దాన్ని నడిపే ఆవిడ గయ్యాళి అని విన్నాను కానీ, పాపం, పై వాటా ఆయనతో రోజూ తగువు పడీ పడీ అలా అయింది. మర తిరిగితే ఆయన ఇంట్లో గిన్నెలు అలమార్లోంచి కిందపడతాయట. ఆయన కిందికి దిగి అరుస్తాడు, ఆవిడ పైకి చూసి అరుస్తుంది, పిండికి వచ్చినవాళ్ళు డబ్బాలు అక్కడే వదిలేసి పారిపోతారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపని చూస్తాను అక్కా? మర కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెడితే అదురు తగ్గుతుందని నోటితో చెప్పాను, అంతే. చెప్పింది వాళ్ళకి అర్థం కాకపోతే పెట్టి చూపించాను.

మర్నాడు పై వాటా ఆయన గిన్నెడు బియ్యం పట్టుకుని పిండికి దిగాడు. ఆవిడ ఆయన ముందు ఏడ్చేసింది. అమ్మకం మాట ఇంక ఎత్తొద్దంది.

తిట్టు, పడతాను. ఇంకో మాట, మీ మరదలు అడగమంటోంది: మీకు ఇల్లు మాకు కాస్త దూరంగా అయినా పర్లేదా? దగ్గర్లో కుదిరేలా లేదు.

నీ తమ్ముడు


జూలై 6

తమ్ముడికి,

పిండిమర సంగతి చదివినప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత మీ ఆవిడ మాట చదివాను. మంట అక్కడే ఆగిపోయింది, దాని బదులు ఇంకేదో వచ్చింది.

దూరంగా అయినా పర్లేదు. ఎంత దూరం కావాలో ఆవిడనే కొలిచి చెప్పమను.

ఇక్కడ ఫ్యాక్టరీ మనిషి వచ్చి గోడలకి సున్నం ఎప్పుడు వేయించాలో చూసుకుని వెళ్ళాడు. నేను ఇంట్లో ఉండగానే.

అక్క


జూలై 20

అక్కా,

నీ ఉత్తరం అంత చిన్నగా ఉంటే నాకు భయం వేస్తుంది. నాలుగు పేజీలు తిట్టినా బాగుండేది.

సరే, ఇది విను. దొరికింది. నిజంగా దొరికింది. బొత్తాల కొట్టు!

బట్టల బజారు వెనక సందులో ఉంది, మంచం పట్టేంత వెడల్పు. రెండు గోడలకీ కింద నుంచి పైదాకా అట్టపెట్టెలే. ప్రతి పెట్టె మీదా లోపలున్న బొత్తాం ఒకటి దారంతో కుట్టి ఉంటుంది. దర్జీలు వస్తారు, ఇళ్ళలో ఆడవాళ్ళు పాత కోటు బొత్తాం ఒక్కటి గుప్పిట్లో పట్టుకుని జత కోసం వస్తారు. యజమాని పెద్దాయన, వెనకా ముందూ ఎవరూ లేరు. ముప్పాతిక చూపు పోయింది, రంగులు ఆనడం లేదు. "రంగు తెలియనివాడు ఈ కొట్లో కూర్చోకూడదయ్యా" అని ఆయనే అన్నారు. అడిగిన ధర మనకి అందేదే.

నువ్వు పుట్టిందే ఈ కొట్టు కోసం. రేపటి నుంచి కూర్చుంటున్నాను. ఇక్కడ మెషీన్ లేదు, మోటార్ లేదు, స్క్రూ కూడా లేదు. నేను బాగుచెయ్యడానికి ఏమీ లేదు.

నీ తమ్ముడు


జూలై 24

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరం అందిన దగ్గర్నుంచి నేను నేల మీద లేను. సామాను సగం కట్టేశాను. మీ బావ కూర్చున్న కుర్చీ ఒక్కటే మిగిలింది, అది కూడా ఆయన లేవనందువల్ల.

ముత్యపు బొత్తాలు ఎండ తగిలేచోట పెట్టొద్దని ఆ పెద్దాయనతో చెప్పు. కాదు, చెప్పకు. ఏమీ చెప్పకు. నువ్వు నోరు తెరిస్తే ఆయన మనసు మార్చుకుంటాడు. దగ్గు వచ్చినా బయటికి వెళ్ళి దగ్గు.

దేన్నీ ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను.

మీ ఆవిడ మీద కోపం అలాగే ఉంది. కొట్టు నాదయ్యాక తీరిగ్గా పడతాను.

అక్క


ఆగస్టు 5

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

పెట్టెల వరస చెడిపోయి ఉంది అక్కా. ఆయన ఒక్కో పెట్టె దించి, తడిమి, గుమ్మం దాకా వెళ్ళి వెలుతురులో కళ్ళకి ఆనించుకుని చూసుకుంటున్నారు. నిచ్చెన ఎక్కుతుంటే కాళ్ళు వణుకుతున్నాయి. ఎలా చూస్తూ ఊరుకోను? అన్నీ దించి, గుమ్మం దగ్గర మంచి ఎండలో కూర్చుని, రంగు రంగుకీ విడదీసి, ఒక్కో రంగుకీ ఒక్కో వరస పెట్టి, పేర్లు లావు అక్షరాలతో రాసి అంటించాను. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, నలుపు. ఆ అక్షరాలైతే ఆయనకి ఆనుతున్నాయి. ఎంత సంబరపడ్డారో! "ఇంకో పదేళ్ళు లాగేస్తానయ్యా" అన్నారు.

లాగేస్తారట. అమ్మరట.

తప్పు నాదే. కానీ నువ్వు ఉన్నా అదే చేసేదానివి.

నీ తమ్ముడు


ఆగస్టు 8

నువ్వు నా తమ్ముడివి కావు.

నేను ఉన్నా అదే చేసేదాన్నా? నేనైతే చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. కాళ్ళు వణికేది ఆయనొక్కడికేనా? ఇన్నేళ్ళు బల్ల ముందు నిలబడ్డ నా కాళ్ళు నీకు ఏనాడైనా కనిపించాయా? ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద జాలి కారిపోతుంది నీకు, ఇంట్లోవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకిపోతుంది.

ఒక కొట్టు అంటే పొరపాటు. రెండంటే నీ అలవాటు. మూడోది కూడా పోయిందంటే నాకు ఇప్పుడు అర్థమైంది. మేం ఆ ఊరు రావడం మీ ఆవిడకి ఇష్టం లేదు. దూరంగా అయినా పర్లేదా అని అప్పుడే అడిగించింది. నేనే పిచ్చిదాన్ని. అక్క మొహం మీద రావద్దని చెప్పే ధైర్యం లేక, ప్రతి బేరాన్నీ ఇలా మంచితనంతో చంపుకుంటూ వచ్చావు.

ఇంక రాయకు. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో నేను చూసుకుంటాను.


ఆగస్టు 12

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. కోపం నీ ఒక్కదాని సొత్తేం కాదు.

మీ మరదలు నెల రోజులుగా ఎండలో పడి తిరుగుతోంది, కింది వాటా ఇల్లు కోసం. బావగారు మెట్లు ఎక్కలేరని. మా చుట్టుపక్కల ఖాళీగా ఉన్నవన్నీ మేడ మీదవే. కాస్త దూరం వెళ్తే కింది వాటాలు ఉన్నాయి. అందుకని అడిగింది, దూరమైనా పర్లేదా అని. నీ ఉత్తరం తనకి చూపించలేదు, చూపించను కూడా. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక లిఫ్టు గదిలో పెట్టాను.

కొట్టు నీకు, తిరుగుడు నాకు. సెలవులన్నీ అయిపోయి జీతం కోత పడుతోంది. ఒక్క ఉత్తరంలో అయినా "తిన్నావా" అని అడిగావా? ఎంతసేపూ చేతులు కట్టుకో, నోరు మూసుకో. వారం రోజులు పరాయివాడి కొట్లో ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నీకు తెలియదు. నువ్వే రా. వచ్చి ఆ పెద్దాయన పక్కన స్టూలు మీద కూర్చో. ఒక్క పూట చేతులు కట్టుకుని కూర్చోగలిగితే నీ పేరు పలికినప్పుడల్లా లేచి నిలబడతాను.

తమ్ముడు అనుకుంటే తమ్ముడు


ఆగస్టు 21

తమ్ముడికి, మీ ఇంటికి నాలుగు వీధుల అవతల నుంచి అక్క రాస్తున్నది.

తిన్నావా?

పొద్దున బస్సు దిగి, లాడ్జీలో సంచీ పడేసి, నేరుగా బొత్తాల కొట్టుకి వెళ్ళాను. మీ ఇంటికి రాకపోవడం కోపంతో కాదు. మరదలికి ఏ మొహం పెట్టుకుని కనిపించాలో తెలియక.

కొట్టుకి వెళ్ళింది మాత్రం కోపంతోనే. ఆ పెద్దాయన్ని నాలుగు కడిగేసి, మాట తప్పినందుకు సిగ్గు పడేలా చేసి వచ్చేద్దామని. కానీ నువ్వు విసిరిన సవాలు ఒకటి బుర్రలో తిరుగుతోంది కదా, కొనడానికి వచ్చినదానిలా స్టూలు మీద కూర్చున్నాను. చేతులు కట్టుకుని, చూడు.

ఒకావిడ నల్ల కోటు పట్టుకుని వచ్చింది. "మొన్న తీసుకెళ్ళిన బొత్తాలు కుట్టాక ఎండలో వేరేగా కనిపిస్తున్నాయండీ, పర్లేదు, మార్చి ఇవ్వండి" అంది మెల్లిగా. ఆయన నీ లావు అక్షరాలు చదువుకుని, 'నలుపు' పెట్టె దించి, అందులోంచే మళ్ళీ ఆరు లెక్కపెట్టి ఇచ్చారు. ఆవిడ అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆయన మొహం వంక చూసింది. ఏమీ అనకుండా తీసుకుని వెళ్ళిపోయింది. అలా వెళ్ళేవాళ్ళు మళ్ళీ రారు.

నేను లేచి ఆ పెట్టె తీశాను. నీలం. పక్కన 'నీలం' అన్న పెట్టె తీశాను, సగం నలుపు. అప్పుడు నా పెళ్ళినాటి నీ కాళ్ళు నా కళ్ళ ముందు కనబడ్డాయిరా! రంగు రంగుకీ విడదీశానని నువ్వు రాస్తే, ఆ కోపంలో చదివి కూడా చదవలేదు నేను. నీలానికీ నలుపుకీ తేడా తెలియనివాడు సర్దితే, చూపు ఆననివాడు నమ్మి అమ్ముతున్నాడు. ఒళ్ళు తెలియకుండా అరిచేశాను.

"ఎవరమ్మా నువ్వు, నా కొట్లో నా మీద అరుస్తున్నావు?" అన్నారాయన.

"వీటిని సర్దినవాడి అక్కని. వాడికి పుట్టుకతోనే నీలమూ నలుపూ ఒకటే. మీరు ఇన్ని రోజులుగా నలుపని నీలం అమ్ముతున్నారు."

"అబద్ధం. ఎవ్వరూ ఒక్క మాట అనలేదే!"

"అనరు. మీ వయసు చూసి జాలిపడి ఊరుకుంటున్నారు. జాలిపడి, పక్క బజార్లో కొనుక్కుంటున్నారు."

జాలి అన్న మాట ఆయనకి ఎక్కడో తగిలింది. స్టూలు కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నారు. "నా దర్జీలు కూడానా?" అన్నారు చివరికి. "మీ కళ్ళకి వయసైపోయింది" అని నా మొహాన ఒకడు అన్నందుకే కదా నేను ఉద్యోగం విసిరికొట్టింది. అలాంటి మాటే నేను ఇంకొకరి మొహాన అన్నాను. నా విషయంలో అది అబద్ధం, ఆయన విషయంలో నిజం, అంతే తేడా. ఏడుపొచ్చింది.

ఇంక నా వల్ల కాలేదు. గుమ్మంలో కొంగు పరుచుకుని అన్ని పెట్టెలూ దించాను. నలుపులోంచి నీలం, నీలంలోంచి ముదురు ఆకుపచ్చ ఏరాను. (అది కూడా కలిపావు. నీ కళ్ళలో కారం కొట్టా.) అక్షరాలు పీకేసి, ప్రతి పెట్టెకీ ఒక దారం వేలాడదీసి ముడులు వేశాను. నలుపుకి ఒక ముడి, నీలానికి రెండు, ఎరుపుకి మూడు. ఆయన వేళ్ళతో తడిమి చూసుకుంటూ పక్కనే కూర్చున్నారు. ఒక్క పెట్టె కూడా తప్పు చెప్పలేదు. పొద్దు వాలేసరికి కొట్టు కొట్టులా ఉంది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నవ్వకు.

"ఈ ముడులతో ఇంక నేను నడుపుకోవచ్చు కదమ్మా?" అని అడిగారు. కాదని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే కొట్టు నాది. నాలుక చివరిదాకా వచ్చింది. "నడుపుకోవచ్చండీ" అన్నాను. నీ కంటే బాగా చెడగొట్టుకున్నాను నా బేరం. సంచీ తీసుకుని లేచాను, ఫ్యాక్టరీ గేటు తలుచుకుంటూ.

ఆయన వెనక నుంచి పిలిచారు. "ముడి రంగు చెబుతుంది సరే. నేను ముడి తప్పిన రోజున నా మీద అరిచేదెవరు? అందరూ జాలిపడేవాళ్ళే" అన్నారు. తాళంచెవి నా చేతిలో పెట్టారు. మొదట అడిగిన ధరకే. పొద్దున పూట వచ్చి స్టూలు మీద కూర్చుంటారట, దర్జీలతో కబుర్లకి. నాకు నోరు ఊరుకోదని ముందే చెప్పాను. ఆ నోటికే ఇస్తున్నానన్నారు.

ఈ ఉత్తరం మీ తలుపు కింద నుంచి తోసి వెళ్తున్నాను. మరదలితో చెప్పు, ఆ కింది వాటా ఎంత దూరమైనా సరే తీసేసుకోమని, వచ్చి కాళ్ళ మీద పడమన్నా పడతానని. లిఫ్టు గదిలో దాచిన నా ఉత్తరం చింపెయ్యి. నువ్వు మాత్రం నా పేరు పలికినప్పుడల్లా లేచి నిలబడక్కర్లేదు.

కొట్టు షట్టరు సగంలో బిగుసుకుపోయింది. నేనూ ఆ పెద్దాయనా కలిసి వేలాడినా కదల్లేదు. రేపు పొద్దున్నే నీ స్క్రూ డ్రైవర్ తీసుకుని రా. రంగుల వైపు మాత్రం చూడకు.

అక్క